ఆరో రెక్క మీది మనిషి

పెద్దయ్యను చంపింది ఒక పెట్టె. దొర తుపాకీ మడమ చంపిందని జంగప్ప అంటాడు, అదీ అబద్ధం కాదు. కానీ ఆ పెట్టె రాకపోతే దొర ఆ పూట కాగ్నా నది ఒడ్డున ఉండేవాడు కాడు. పెద్దయ్య ఎప్పటిలాగే పొలం గట్ల మీద దొర వెనక గొడుగు పట్టుకుని నడుస్తుండేవాడు. గొడుగు పట్టడమే అతని పని. ఎండకొక గొడుగు, వానకొక గొడుగు, రెండూ దొర నెత్తి మీదికే. ఇరవై ఏళ్లు పట్టాడు, తన నెత్తి మాత్రం ఎండింది, తడిసింది.

అది పందొమ్మిది వందల ముప్పై, శ్రావణ మాసం. గోవాలో ఒక బుడతకీచు కుటుంబం, పోర్చుగీసువాళ్లు, ఇల్లు వాకిలి అమ్ముకుని ఓడెక్కి పోతుంటే, వాళ్ల సామానులో రెక్కలు రెక్కలుగా మడిచే ఒక జపాను తెరను నల్లబండపల్లి దొర విశ్వేశ్వర్‌రావు కొన్నాడు. అది పెట్టెలో రైలెక్కి తాండూరు స్టేషనులో దిగింది. రైలు ఊరికే తేలేదు, కిరాయి తీసుకుంది. స్టేషను నుంచి గడీ దాకా నాలుగు కోసులు మాత్రం నలుగురు మనుషులు ఊరికే మోసుకు రావాలి. వెట్టి అంటే అదే. పెద్దయ్య, అతని కొడుకు మొగులప్ప, జంగప్ప, ఇంకొకడు. నలుగురూ భుజాలు కలిపారు. దొర గుర్రం మీద వెనకాలే వచ్చాడు.

కాగ్నాలో మోకాటి లోతు నీళ్లున్నాయి. నడుమ ఒక పాచి రాయి మీద పెద్దయ్య కాలు జారింది. పెట్టె బండకు కొట్టుకుని పక్క చెక్క పగిలింది. ఎలాగో ఒడ్డుకు చేర్చారు. లోపలికి నీళ్లు పోయాయేమో చూడాలని దొర మూత తీయించాడు. లోపల మడతలు మడతలుగా ఉన్న తెరలో పై రెక్కను పెద్దయ్య రెండు చేతుల మీద ఎత్తి, ఎదకు ఆనించుకుని, వంగి పట్టుకున్నాడు. ఒక్క చుక్క నీరు కూడా పోలేదు. దొర గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నాక తుపాకీ తిప్పి, మడమతో పెద్దయ్య నెత్తి మీద ఒక్కటి కొట్టాడు. సామాను పాడైతే కోపంతో కొట్టాడనుకోవచ్చు, పాడు కాలేదు. పాడై ఉంటే ఏమయ్యేదో తెలియాలని కొట్టాడు, అంతే.

పెద్దయ్య చేతుల్లోని రెక్కను వదలలేదు. వదిలితే ఇంకో దెబ్బ పడుతుందని ఆ చేతులకు తెలుసు. రెక్కను మెల్లగా పెట్టెలో పెట్టి, అప్పుడు ఇసుకలో ఒరిగాడు. దొర మూత వేయించాడు. ముసురు కమ్ముకొస్తోంది, పెట్టె తడవకుండా గడీ చేరాలి. పెద్దయ్య చోట గుర్రం వెంట నడిచి వచ్చిన పనివాణ్ని నిలబెట్టి ఎత్తమన్నాడు. మొగులప్పకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. తండ్రి ఇసుకలో కొట్టుకుంటుంటే పెట్టె ఎత్తుకుని నడిచాడు. వెనక్కి తిరిగితే తుపాకీ ఉంది.

పెట్టె దింపి పరుగెత్తుకుని వచ్చేసరికి కాగ్నా ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. ఇసుక లేదు, పెద్దయ్య లేడు. మూడు రోజులు వెతికినా శవం దొరకలేదు.

శవం లేకపోతే పాడె లేదు, పాడె లేకపోతే దింపుడు కల్లం లేదు. పాడెను సగం దారిలో దింపి, కన్నకొడుకు పోయినవాడి చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఎక్కడో కొంచెం ఉంటే లేస్తాడని. లేవడని అందరికీ తెలుసు, అయినా పిలుస్తారు. పిలవకుండా పంపితే, తనవాళ్లు తనను సాగనంపారని పోయినవాడికి తెలియదట. ఇంకా ఎవరి మోతో మోస్తూనే ఉంటాడట. పెద్దయ్య భార్య హన్మమ్మ దీన్ని గట్టిగా నమ్మింది. ఆరేళ్ల తర్వాత ఆమె పోతూ పోతూ కూతురు చంద్రవ్వ చేయి పట్టుకుని చెప్పింది ఈ ఒక్క మాటే.

"మీ నాయినను ఎవ్వరు పిల్వలేదు బిడ్డా."

అప్పటికే చంద్రవ్వ గడీలో పనిలో ఉంది. తండ్రి లేని పిల్ల అని దొర దయతలిచి పదేళ్లకే లోపల ఊడ్చే పనికి పెట్టించాడు. అలాంటి దయలు ఆయన దగ్గర చాలా ఉండేవి. మొగులప్ప ఊళ్లో ఉండలేక తాండూరు బండల గనుల్లో సమ్మెట పట్టుకున్నాడు. అలా పెట్టెను మోసిన అన్న ఆ తెరను విప్పగా ఎన్నడూ చూడలేదు, చెల్లెలు రోజూ దుమ్ము దులిపేది.

పెద్ద హాలులో గోడ పొడవునా నిలబెట్టారు దాన్ని. ఆరు రెక్కలు, తలుపు రెక్కల్లాంటివే కానీ ఇనుప బందులు లేవు, కాగితపు బందులే. అంతా బంగారు రేకు అతికిన కాగితం. బంగారు మబ్బుల నడుమ నల్లటి ఓడ ఒకటి. ఓడ తాళ్ల మీద ఎగబాకే మనుషులు, ఒడ్డున దిగుతున్న పెట్టెలు, పట్టు తానులు. బస్తాల్లా ఉబ్బిన లాగులు తొడుక్కుని, మెడ చుట్టూ కుచ్చులు కట్టుకుని, ఇంతింత ముక్కులతో బుడతకీచు సావుకార్లు వరసగా నడుస్తుంటారు. అనంతగిరి అడవిలో వేటకని వికారాబాదులో దిగిన చుట్టాలంతా ఈ తెర చూడటానికి గడీకి వచ్చేవారు. మూడు వందల ఏళ్ల కిందట సముద్రం దాటి సరుకు తెచ్చిన తెల్లవాళ్లను చూసి జపాను చిత్రకారుడు గీశాడనీ, ఆ ముక్కులు చూసి నవ్వాపుకోలేక అంత పెద్దగా గీశాడనీ దొర వాళ్లకు చెప్పేవాడు. చుట్టాలు నవ్వేవారు.

ఆరో రెక్క మీద సావుకార్ల పెద్ద ఉంటాడు. అతని నెత్తి మీద ఎర్ర గొడుగు. ఆ గొడుగు కర్ర పట్టుకుని వెనక ఒక నల్లటి మనిషి, ఆ వరసలో చెప్పులు లేనివాడు అతనొక్కడే. వాడు మన దిక్కువాడేనని, బుడతకీచులు గోవా బజారులో మనుషులను కొనుక్కుని ఓడెక్కించుకునేవాళ్లని దొర ఒకసారి చుట్టాలకు చెబుతుంటే, మంచినీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డ చంద్రవ్వ విన్నది. ఆ మనిషి పాదాల దగ్గర అరచేతి వెడల్పున గోధుమ రంగు మరక ఉంది. గోవా వాళ్లు పాన్ ఉమ్మి పాడు చేశారని దొర తిట్టుకునేవాడు.

అది పాన్ కాదు. ఆ రోజు ఒడ్డున ఏం జరిగిందో, ఏ రెక్క మీద ఏం పడిందో జంగప్ప ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పాడు. పెద్దయ్యది ఈ లోకంలో మిగిలింది ఆ మరక ఒక్కటే. ఫోటో లేదు, సమాధి లేదు. చంద్రవ్వ రోజూ ఈకల కుంచెతో అయిదు రెక్కలు గబగబా దులిపి, ఆరో రెక్క దగ్గర నిలబడిపోయేది. గొడుగు పట్టిన ఆ మనిషిని మనసులో నాయినా అని పిలిచేది, కానీ అది పిలుపు కింద లెక్క కాదు. పాడె మీద, సగం దారిలో, మూడుసార్లు, కొడుకు పిలిస్తేనే పిలుపు. ఏనాటికైనా ఆ ఒక్క రెక్కను గడీ దాటించి తండ్రిని సాగనంపాలి. ఆమెకు ఇంకో కోరిక లేదంటే నమ్మండి. దొర ఆమెకు ఒకటే కట్టడి పెట్టాడు, తెర మీద తడిగుడ్డ పెట్టవద్దని. నీళ్లు తగిలితే బంగారు రేకు లేచిపోతుందట.

నలభై ఎనిమిది సెప్టెంబరులో నిజాం సర్కారు చేతులెత్తేసిందన్న కబురు తాండూరుకు చేరింది. రజాకార్లకు భయపడో, ఊరివాళ్లకు భయపడో దొర ఎండాకాలంలోనే పట్నం చేరి, గడీని శివయ్య అనే తుపాకీ జవానుకు అప్పజెప్పి ఉన్నాడు. కబురు వచ్చిన మూడో రోజు పొద్దున గనుల నుంచి అరవై మంది సమ్మెటలు, ఉలులు పట్టుకుని గడీ మీదికి వచ్చారు. ముందు మొగులప్ప ఉన్నాడు.

శివయ్య ఒక్కసారే కాల్చాడు. ఆ గుండు చంద్రప్ప అనే గని కూలీ గొంతులో దిగింది. రెండోసారి గుండు ఎక్కించుకునే లోపల గుంపు అతని మీద పడింది. మెట్ల మీద నిలబడి చంద్రవ్వ అంతా చూసింది. బండలు పగలగొట్టే సమ్మెటలు మనిషి మీద పడితే మనిషి ఎంతసేపు ఉంటాడు? నాలుగు దెబ్బలకే శివయ్య ముఖం శివయ్యది కాకుండా పోయింది. నిన్న ఆమె చేతి జొన్నరొట్టె తిన్నవాడు. 

మొగులప్ప రక్తం కారుతున్న సమ్మెటతో హాలులోకి వచ్చాడు. రెండేళ్ల తర్వాత కనబడ్డ చెల్లెలిని మంచీ చెడూ అడగలేదు, పెట్టె ఏదని అడిగాడు. చంద్రవ్వ తెర వైపు చేయి చూపింది. తన భుజం మీద మోసినదాన్ని విప్పి నిలబెట్టగా అతను మొదటిసారి చూశాడు. 

"గిదా," అన్నాడు.

ఆరో రెక్క తనకిమ్మని అడగాలని చంద్రవ్వ నోరు తెరిచేలోపల పదిమంది తెరను పట్టి వాకిట్లోకి ఈడ్చారు. గుంపులో బుచ్చయ్య ఉన్నాడు. తాండూరు బజారులో అతను అందరికీ తెలుసు. ఊళ్లు తిరిగి చినిగిన జరీ చీరలు కొని, కాల్చి, ఆ బూడిద కడిగి వెండి తీసేవాడు. తెర మీద గోకి చూసి, ఇది అసలు బంగారమే, చీరలాగే కాలిస్తే కాగితం పోయి బంగారం ముద్దగా అడుగున దిగుతుందని చెప్పాడు. మోసగాడు కాదు పాపం. తన పని తనకు బాగా తెలుసు. ఈ రేకు ఉల్లిపొర కంటే పలచనిదని, జరీకి దీనికి పొంతన లేదని మాత్రం తెలియదు. ఆ అరవై మందిలో ఎవరికీ తెలియదు. చంద్రప్ప శవం పక్కనే ఉంది, వాడి పిల్లలకు ఇందులో వాటా ఇవ్వాలని కూడా అనుకున్నారు.

దొర కుర్చీలు, తలుపులు పేర్చి మంట పెట్టారు. తెర ఒక కొసను మంటలోకి తోశారు. నల్ల ఓడ ముందు అంటుకుంది. ఓడ తాళ్ల మీది మనుషులు, పట్టు తానులు, ముక్కుల సావుకార్లు ఒక్కొక్కరే నల్లబడి వంకర తిరిగారు. మొగులప్ప నవ్వుతున్నాడు. పద్దెనిమిదేళ్లు భుజం మీద కూర్చున్న బరువు కాలిపోతుంటే ఎవడు నవ్వడు?

చంద్రవ్వ వంటింట్లోంచి కొడవలి తెచ్చి మంటలో దూరింది. అయిదో రెక్క అంటుకుంటోంది. అయిదుకూ ఆరుకూ నడుమ కాగితపు బందులు తెగ్గోసి, ఆరో రెక్కను పట్టి వెనక్కి లాగింది. చేతులు మోచేతుల దాకా బొబ్బలెక్కాయి. దొర సొమ్ము కాపాడుతోందనుకుని గుంపు కేకలు పెట్టింది. మొగులప్ప ఆమె జుట్టు పట్టి ఈడ్చి, సమ్మెట కర్రతో భుజం మీద కొట్టాడు. ఎముక విరిగింది. ఆమె పడింది గానీ రెక్కను వదలలేదు. ఆ పట్టు ఎక్కడిదో చెప్పాలా?

"దొర కుక్కవైనవానే," అన్నాడు మొగులప్ప.

"గిది నాయిన నెత్తురు," అంది ఆమె. "చూడు. ఒడ్డు మీద నువ్వే ఉంటివి గద."

అతను మరక చూశాడు. పైన గొడుగు పట్టిన నల్లటి మనిషిని చూశాడు. సమ్మెట చేతిలోంచి జారింది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే తండ్రిని తన చేత్తో కాల్చి ఉండేవాడు. అది తెలిశాక అతను ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, విరగ్గొట్టిన ఆ భుజాన్నే నిమరబోయి, ఆమె అరిస్తే చేయి తీసుకున్నాడు.

మంట ఆరింది. బుచ్చయ్య బూడిద ఎత్తి, పళ్లెంలో పోసి, నీళ్లు కలిపి కడిగాడు. మళ్లీ కడిగాడు. అడుగున ఏమీ లేదు. చూపుడు వేలి కొసకు కొంచెం తళుకు అంటింది, ఊదితే పోయింది. చంద్రప్ప తోడబుట్టిన అన్న ఒకడు బుచ్చయ్య మెడ పట్టుకున్నాడు. అయిదు రెక్కల బంగారం ఎటు పోతుంది, వీడే నోట్లో వేసుకున్నాడన్నాడు. బుచ్చయ్య నోరు తెరిచి చూపించాడు. మింగాడన్నారు. ఉలి పెట్టి పళ్లు ఊడగొట్టారు, కక్కిస్తామని కడుపులో తన్నారు. అతను కక్కింది నెత్తురే. ఒక మనిషి చచ్చాడు, బంగారం రాలేదు, ఎవడో ఒకడు దొంగ కావాలి. పొద్దు వాలకముందే బుచ్చయ్య కూడా చంద్రప్ప పక్కన పడుకున్నాడు.

అప్పుడు అందరి కళ్లూ ఆరో రెక్క మీదికి తిరిగాయి. అసలు బంగారం దాంట్లోనే ఉందని ఎవడో అన్నాడు. మొగులప్ప సమ్మెట ఎత్తి నిలబడ్డాడు. ముందుకొచ్చినవాడి మోకాలి చిప్ప పగలగొట్టాడు. వాడు నిన్నటిదాకా తనతో ఒకే గనిలో బండ చీల్చినవాడు. రెండోవాడు రాలేదు.

హన్మమ్మ గుడిసెలో నేలకు తాండూరు బండలు పరిచి ఉన్నాయి, మొగులప్ప గనిలోంచి తెచ్చి తన చేత్తో పరిచినవే. ఒక బండ లేపి, గొంగడిలో చుట్టిన రెక్కను దాని కింద పెట్టి, మళ్లీ బండ మూశాడు. కాగ్నా నిండుగా పారుతోంది, దీపావళి పోతే ఇసుక తేలుతుంది. అప్పుడు పాడె కట్టాలి, సగం దారిలో దింపాలి, మొగులప్ప మూడుసార్లు పిలవాలి, ఆ ఇసుకలోనే పెట్టాలి. అన్నాచెల్లెళ్లు ఇలా అనుకున్నారు. విరిగిన భుజానికి గుడ్డ కట్టుకుని చంద్రవ్వ ఆ బండ మీదే పడుకునేది. పుట్టి బుద్ధెరిగాక అంత నిమ్మళంగా ఎన్నడూ నిద్రపోలేదు.

దీపావళి పోయిన నాలుగో రోజు దొర తిరిగి వచ్చాడు. వికారాబాదులో రైలు దిగి మోటారులో వచ్చాడు. వెంట ఇద్దరు తుపాకీ మనుషులు, నెత్తిన కొత్త తెల్ల టోపీ. సర్కారు మారితే టోపీ మారుతుంది, కింద తల అదే. మరునాటి పొద్దుటికల్లా మొగులప్పను గని దగ్గర పట్టుకుని తెచ్చి గడీ వాకిట్లో స్తంభానికి కట్టేశారు. ఊరంతా వచ్చి చూడాలని డప్పు వేయించారు.

తెర ఏదని దొర అడిగాడు. మొగులప్ప పలకలేదు. చెర్నకోలతో కొట్టించాడు. వీపు తోలు లేచి చీలికలైంది. పలకకపోతే తుపాకీ మడమతో దవడ విరగ్గొట్టారు. ఇక పలకాలనుకున్నా పలకలేడు. ఆ సంగతి కొట్టినవాళ్లకు తట్టలేదు, అడుగుతూనే ఉన్నారు, కొడుతూనే ఉన్నారు. గుంపులో నిలబడ్డ చంద్రవ్వ వైపు చూసి అతను తల అడ్డంగా ఊపాడు. తేవద్దని.

ఆమె ఇంటికి పోయింది. చచ్చిన తండ్రి ఎక్కువా, చస్తున్న అన్న ఎక్కువా అని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఒంటి చేత్తో గడ్డపార వేసి ఆ బండ లేపేటప్పుడు బిగ్గరగా ఏడ్చింది. ఇక నాయినను పిలిచేది లేదు. రెక్కను నెత్తిన పెట్టుకుని గడీకి వచ్చి దొర కాళ్ల ముందు పరిచింది, అన్నను విప్పమంది.

"మిగిలినయి?" అన్నాడు దొర.

"కాలినయ్."

దొర వంగి బంగారం మీద వేలు రాశాడు. మరక కనబడితే అలవాటుగా గోవా వాళ్ల పాన్‌ను తిట్టాడు. అప్పుడు చంద్రవ్వకు నోరు లేచింది.

"పాన్ గాదు దొరా. మా నాయిన నెత్తురు."

"మీ నాయిన ఎవడే?"

"పెద్దయ్య. నీకు గొడుగు పట్టినోడు. కాగ్నా ఒడ్డున కొడితివి గద."

దొర నిజంగానే ఆలోచించాడు. నొసలు ముడిచి, కళ్లు పైకెత్తి, వెతికాడు. "ఏ పెద్దయ్య?" అన్నాడు.

అబద్ధం కాదు, ఆయనకు గుర్తు లేదు. గుర్తుండీ దాచుకుని ఉంటే ఒక తీరు. ఇరవై ఏళ్లు తన వెనక నీడలా నడిచిన మనిషిని చంపి, అది ఏ నాడో, ఏ మనిషో మరిచిపోయాడు. చంద్రవ్వకు ఆ దెబ్బ సమ్మెట దెబ్బ కంటే గట్టిగా తగిలింది. వాకిట్లో జనం అంతా విన్నారు. స్తంభానికి వేలాడుతున్న మొగులప్ప విన్నాడు. ముందు వరసలో గొంతుకూర్చున్న జంగప్ప విన్నాడు.

దొరకు గుర్తు రాలేదు గానీ రోత వచ్చింది. దేవుడి దీపం పెట్టే ఇంట్లో, చుట్టాలు అన్నం తినే హాలులో, పద్దెనిమిదేళ్లు ఒక వెట్టివాడి నెత్తురు ఉందా? దూరంగా జరిగి నిలబడ్డాడు.

"కడుగు," అన్నాడు.

తడిగుడ్డ పెడితే రేకు లేస్తుందని చెప్పింది ఆయనే. ఆ కోపంలో ఆయన మరిచాడు, చంద్రవ్వ మరవలేదు. గుర్తు చేయలేదు కూడా. కొంగు చింపి, నీళ్ల గాబులో ముంచి, రెక్క ముందు కూర్చుని, ఒంటి చేత్తో ఉన్న బలమంతా పెట్టి రుద్దింది. బంగారు మబ్బులు లేచి గుడ్డకు అంటాయి. మళ్లీ ముంచి మళ్లీ రుద్దింది. బంగారం పోయి కింద వట్టి కాగితం తేలింది. కాగితం లోపలికి ఇంకిన నెత్తురు పోలేదు. చుట్టూ బంగారం పోయేసరికి అది ఇంకా నల్లగా, ఇంకా పెద్దగా కనబడింది.

దొర చూశాడు. ఆమె మోచేతి దాకా కారుతున్న బంగారు నీళ్లు చూశాడు. పక్కవాడి చేతిలోంచి తుపాకీ లాక్కుని తిప్పి, మడమతో ఆమె నుదుటి మీద కొట్టాడు. చంద్రవ్వ ముందుకు ఒరిగింది. నుదుటి నెత్తురు పాత మరక పక్కన పడింది.

 జంగప్ప లేచాడు. అరవై దాటినవాడు, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి, జనం నడుమ నుంచి గడీ దర్వాజా దాకా నడిచి, రెండు తలుపులూ దగ్గరకు వేసి, అడ్డగడియ ఎత్తి దించాడు. దాన్ని రోజూ ఇద్దరు జవాన్లు దించేవారు. తర్వాత దొర వైపు తిరిగాడు.

"గా దినం ఎత్తుకొని నడిస్తిమి దొరా. ఇయ్యాల నడువం."

తుపాకీ మనుషులిద్దరిలో ఒకడు కాల్చబోయి కాల్చలేకపోయాడు, ఆడవాళ్లు అతని చేతుల మీద పడ్డారు. తన తుపాకీ దొర చేతికి పోయిన రెండోవాడు గోడ దూకాడు. దొర మెట్ల మీదికి పరుగెత్తాడు, రెండో మెట్టు దగ్గర చిక్కాడు. ఎవరు మొదట కొట్టారో ఎవరూ చెప్పలేదు. రోకళ్లతో కొట్టారు, రాళ్లతో కొట్టారు, చివరికి ఆ తుపాకీతోనే కొట్టారు. ఆయన పేరు పేరునా అందరినీ బతిమాలాడు. విచిత్రం, అప్పుడు అందరి పేర్లూ గుర్తొచ్చాయి. పెద్దయ్య పేరు కూడా అన్నాడని కొందరంటారు. చంద్రవ్వ కళ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ చూసింది. ఆమె జాలిపడలేదు, నేనూ పడను.

పోలీసులు మరునాడు వచ్చారు, ఊరిని చితకబాదారు, పదకొండు మందిని జైలుకు తీసుకుపోయారు. కానీ ఆ రోజు మాత్రం ఊరివాళ్ల చేతుల్లో ఉంది. కొన్ని గంటలే, అవి చాలు.

వెదురు నరికి పాడె కట్టారు. ఆరో రెక్కను దాని మీద పరిచి తెల్లగుడ్డ కప్పారు. నలుగురు భుజాలు కలిపారు. వీపు మీద తోలు లేని మొగులప్ప వద్దన్నా వినలేదు, ముందు కొస అతనే పట్టాడు. రెండో కొస జంగప్పది. ఆడవాళ్లు కాటికి రారు, చంద్రవ్వ వెనకాలే నడిచింది, ఎవరూ ఆపలేదు.

కాగ్నాకు సగం దారిలో పాడె దింపారు. మొగులప్ప మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డ తీసి, గొడుగు పట్టిన మనిషి చెవి దగ్గరికి వంగాడు. నోరు తెరవబోయాడు. విరిగిన దవడ కదలలేదు. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది గానీ అది మాట కాదు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన పిలుపు నోట్లోనే ఉండిపోయింది. అతను చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కొడుకు పిలవాలి, లేకపోతే తమ్ముడి కొడుకు పిలవాలి. కూతురు పిలిచిన రివాజు ఎక్కడా లేదు.

"నువ్వు పిలువు బిడ్డా," అన్నాడు జంగప్ప.

చంద్రవ్వ వంగింది. కాలిన చేయి నేలకు ఆనించి, నాయినా అని పిలిచింది. ఆగి, మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు ఆమె గొంతు దారి పొడవునా వినబడింది. ఎవరూ లేవలేదు. లేవరని తెలిసే పిలిచింది.

కాగ్నాలో ఇసుక తేలి ఉంది. ఆ ఒడ్డునే గుంత తీశారు. రెక్కను దించబోతుంటే ఆమె ఆగమంది. పాడె కట్టేటప్పుడు అందుకుని నడుముకు దోపుకున్న కొడవలి తీసి, దాని మొనతో ఆ పటం మీద ఎర్ర గొడుగును, దాని కర్రను, కర్ర కింద నడుస్తున్న సావుకారును గోకేసింది. గీరిన ముక్కలు ఇసుకలో రాలాయి. నల్లటి మనిషి ఒక్కడే మిగిలాడు, ఎత్తిన చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఇగ దించు నాయినా," అంది. "చేతులు నొస్తయి."

అప్పుడు రెక్కను గుంతలో పెట్టి అందరూ ఇసుక పోశారు.